బరువైన ఫిషింగ్ కయాక్‌ను ఒంటరిగా పికప్ ట్రక్కులోకి ఎక్కించడం ఎలా?

కూర్చునే కాక నిలబడి కూడా గాలం వేయడానికి వీలుగా తయారయ్యే ఫిషింగ్ కయాక్‌లు (చేపలు పట్టే చిన్న పడవలు) మామూలు కయాక్‌ల కన్నా వెడల్పుగానూ, అందుకు తగ్గట్టు బరువుగానూ ఉంటాయి. బాగా ప్రచారంలో ఉన్న హోబీ ప్రో ఆంగ్లర్ 14 నమూనానే తీసుకుంటే, దాని పొడవు 13 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 38 అంగుళాలు. సీటు, పెడల్ యంత్రం తీసేసిన ఖాళీ పడవ సుమారు 55 కిలోలు, అంటే 120 పౌండ్లు, తూగుతుంది; అన్నీ బిగించి చూస్తే 65 కిలోలు దాటుతుంది. ఇద్దరు చెరో కొస పట్టుకుంటే ఇదేమంత పెద్ద పని కాదు. కాని అమెరికాలో చీకటితోనే లేచి సరస్సుకు వెళ్లే అలవాటున్నవారికి ఆ వేళకు రెండో మనిషి దొరకడం అరుదు. డాలస్ ఉత్తర శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, లిటిల్ ఎల్మ్ వంటి ఊళ్లలో ఉంటూ లూయిస్‌విల్, రే రాబర్ట్స్ సరస్సులకు వెళ్లే తెలుగువారికి కూడా ఈ ఇబ్బంది ఉన్నదే. కింద చెప్పే పద్ధతి అలా ఒంటరిగా వెళ్లేవారి కోసం.

ఈ పనికి బలం కన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. పని ఏ దశలో ఉన్నా సరే, మీరు చేతులు వదిలేసి పక్కకు తప్పుకుంటే పడవ ఉన్నచోటే నిలిచి ఉండాలి. అది వీలుకాని క్షణాలు రెండు మూడు తప్పకుండా వస్తాయి; వాటిని కొన్ని సెకన్లకు మించనివ్వకుండా, ముందుగానే ఏర్పాట్లు చేసుకోవాలి. మొత్తం పడవను భుజానికో తలకో ఎత్తుకుని ట్రక్కు బెడ్‌లోకి, అంటే వెనక సామాను వేసే తొట్టిలోకి, విసిరినట్టు నెట్టే పద్ధతులు చూడటానికి వేగంగా కనిపిస్తాయి కాని, కాలు జారినా గాలి తోసినా వాటిలో ఆగడానికి చోటు ఉండదు. అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రతా పరిశోధన సంస్థ అయిన నియాష్ లెక్క ప్రకారం, పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి రెండు చేతులతో ఎత్తడానికి సిఫారసు చేసిన గరిష్ఠ బరువు 23 కిలోలు, అంటే 51 పౌండ్లు. 55 కిలోల పడవను ఆ హద్దు దాటకుండా ట్రక్కు ఎక్కించవచ్చు. అందుకు కావలసిందల్లా బరువును ఎప్పుడూ రెండు చోట్ల ఆనించి ఉంచడమే.

ఇకమీదట పడవ ముందు కొసను అణియం అనీ, వెనక కొసను అమరం అనీ అంటాను.

ముందు కొలతలు చూసుకోండి

ఏ సామానూ కొనకముందే టేపు పట్టుకుని మీ ట్రక్కు బెడ్‌ను కొలవండి. అమెరికాలో అమ్ముడయ్యే పెద్ద పికప్‌ల బెడ్ పొడవు సాధారణంగా 5.5, 6.5, 8 అడుగులలో ఏదో ఒకటిగా ఉంటుంది. టయోటా టకోమా వంటి మధ్యరకం ట్రక్కులలో 5 లేదా 6 అడుగులు ఉంటుంది. బెడ్ వెనక తలుపైన టెయిల్‌గేట్‌ను దించితే మరో 22 అంగుళాల దాకా కలిసి వస్తుందని అనుకోండి. ఇప్పుడు 5.5 అడుగుల బెడ్‌లో 13 అడుగుల 8 అంగుళాల పడవను అణియం ముందుగా పెట్టి, క్యాబిన్ గోడకు ఆనించామనుకుందాం. పడవ మొత్తం 164 అంగుళాలు, దాని నడిమి భాగం 82 అంగుళాల దగ్గర. బెడ్, టెయిల్‌గేట్ కలిపి 88 అంగుళాలు. అంటే పడవ బరువు నిలిచే బిందువుకూ టెయిల్‌గేట్ అంచుకూ మధ్య ఉన్న తేడా కేవలం 6 అంగుళాలు. ఆగి ఉన్నప్పుడు పడవ నిలబడినట్టే కనిపిస్తుంది, కాని రోడ్డు మీద ఒక్క గుంత తగిలితే అమరం కిందికి వాలి అణియం పైకి లేస్తుంది. ఆ ఊపునంతటినీ టెయిల్‌గేట్‌ను పట్టుకుని ఉన్న రెండు సన్నని తీగలే భరించాలి.

అందువల్ల 5, 5.5 అడుగుల బెడ్ ఉన్నవారికి బెడ్ ఎక్స్‌టెండర్ ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అన్నది నా అభిప్రాయం. ఇది ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే 2 అంగుళాల హిచ్ గొట్టంలో దూర్చి, పిన్నుతో బిగించే ఇనుప చట్రం. దాని చివర అడ్డకడ్డీ ఒకటి నిలబడి, టెయిల్‌గేట్ అంచు దాటాక సుమారు 2 అడుగుల దూరాన పడవకు రెండో ఆనుగా పనిచేస్తుంది. అడ్డకడ్డీ ఎత్తును టెయిల్‌గేట్ మట్టానికి సమానంగా, లేదా ఒక అంగుళం ఎక్కువగా అమర్చుకోండి. అప్పుడు వెనక బరువు టెయిల్‌గేట్ అంచు మీద కాక హిచ్ మీద పడుతుంది. అది ఎంత బరువు మోస్తుందో దాని మీదే అచ్చువేసి ఉంటుంది, కొనేముందు చదవండి. 6.5 అడుగుల బెడ్‌లో నడిమి బిందువు అంచుకు 18 అంగుళాలు లోపలే ఉంటుంది కాబట్టి ఎక్స్‌టెండర్ లేకపోయినా దగ్గరి దూరాలకు నడుస్తుంది, ఉంటే ఎక్కించడం తేలిక. 8 అడుగుల బెడ్ ఉన్న అదృష్టవంతులకు దాని అవసరమే లేదు.

వెడల్పు విషయంలో పెద్ద ట్రక్కులకు చిక్కు రాదు. మధ్యరకం ట్రక్కులలో మాత్రం బెడ్ లోపల ఉబ్బెత్తుగా ఉండే రెండు చక్రాల గూళ్ల మధ్య దూరం కొలిచి, 38 అంగుళాల పడవకు అటూ ఇటూ ఖాళీ ఎంత మిగులుతుందో ముందే చూసుకోవాలి.

కావలసిన సామాను

మొదటిది కయాక్ బండి. రెండు చక్రాల ఈ చిన్న బండ్లు రెండు రకాలు. ఒక రకానికి పైకి పొడుచుకు వచ్చిన రెండు కడ్డీలు ఉంటాయి, అవి పడవ అడుగున నీరు కారిపోవడానికి ఉన్న రంధ్రాలలోకి దూరుతాయి. రెండో రకంలో పడవ మెత్తటి దిమ్మల మీద కూర్చుంటుంది, పైనుంచి పట్టీతో బిగిస్తాము. మనం చేయబోయే పనిలో పడవ బండి మీద ఏటవాలుగా వంగుతుంది. కడ్డీల రకమైతే ఆ ఒత్తిడికి రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ పగిలే ప్రమాదం ఉంది, పైగా బండిని మనకు కావలసిన చోటికి జరపడం కుదరదు. పట్టీ రకమే తీసుకోండి. చక్రాలు లావుగా ఉంటే ఇసుకలోనూ బురదలోనూ కూరుకుపోవు.

రెండోది జారుడు కోసం, మూడోది పట్టు కోసం. పాత తివాచీ ముక్క ఒకటి అడ్డకడ్డీకి చుట్టడానికి, మరొకటి టెయిల్‌గేట్ అంచు మీద పరవడానికి కావాలి. వాటి మీద ప్లాస్టిక్ పడవ హాయిగా జారుతుంది. అమరం నేల మీద ఆనే చోట మాత్రం రబ్బరు చాప వేయాలి, అక్కడ జారకూడదు. ఈ రెండింటినీ తారుమారు చేసి, టెయిల్‌గేట్ మీద రబ్బరు పరిచి, పడవ కదలడం లేదని తిట్టుకునేవారు పడవ రేవుల దగ్గర తరచుగా కనిపిస్తారు.

వీటికి తోడు, నడుము ఎత్తున్న మడత గుర్రపుబల్ల ఒకటి ఉంచుకోండి. వడ్రంగులు చెక్క కోసేటప్పుడు వాడే రకమే, హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. అలసిపోయినప్పుడు అమరాన్ని దాని మీద ఆనించి ఊపిరి తీసుకోవచ్చు. నా దృష్టిలో మొత్తం సామానులో చవకైనదీ, ఎక్కువ మేలు చేసేదీ ఇదే. ఇక పట్టీలు నాలుగు, 15 అడుగుల గట్టి తాడు ఒకటి, ఎర్ర జెండాలు రెండు, చేతి తొడుగులు, మడమను పట్టి ఉంచే బూట్లు. తడి రేవు మీద చెప్పులతో ఈ పని చేయవద్దు.

పడవను తేలిక చేయడం

సరస్సు నుంచి బయటికి రాగానే ట్రక్కు దగ్గరికి పరుగెత్తకుండా, ముందు పడవలోనివన్నీ తీసేయండి. సీటు, పెడల్ యంత్రం, గాలాలు, సామాను పెట్టె, లంగరు, చేపల పెట్టె ఒక్కొక్కటే చిన్నవిగా అనిపిస్తాయి కాని కలిపితే పడవ బరువును దాదాపు సగం పెంచగలవు. అన్నింటికన్నా బ్యాటరీ సంగతి చూడండి. పడవను మెల్లగా నడిపే చిన్న విద్యుత్ మోటారుకు (ట్రోలింగ్ మోటారుకు) వాడే 100 ఆంపియర్ అవర్ సీసం బ్యాటరీ 27 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. అదే సామర్థ్యమున్న లిథియం బ్యాటరీ దానిలో సగం కూడా ఉండదు. సీసం బ్యాటరీని పడవలోనే ఉంచి ఎక్కించాలనుకోవడం పడవతో పాటు స్కూలు పిల్లవాడినొకణ్ని కూర్చోబెట్టి ఎత్తడమే.

తరువాత నీటిని వదలండి. అమరం దగ్గర ఉన్న మర బిరడా తిప్పి, పడవ పొట్టలోకి చేరిన నీరంతా కారనివ్వండి. లీటరు నీరు కిలో బరువు. అలల మీద కొన్ని గంటలు తిరిగిన పడవ పొట్టలో నాలుగైదు లీటర్లు ఉండటం వింత కాదు. పైగా ఆ నీరు ఉన్నచోట ఉండదు, పడవ వంగినప్పుడల్లా పల్లపు కొసకు పరుగెత్తి బరువును ఒక్కసారిగా మార్చేస్తుంది. టెక్సస్‌లో ఇది చట్టం కూడా. 2009లో టెక్సోమా సరస్సులో మొదటిసారి కనిపించిన జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప జాతి ప్రాణి ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పడవలలోని నీటి ద్వారా పాకుతోందని, మంచినీటి జలాశయాల దగ్గర పడవలలోని నీటినంతా ఖాళీ చేయాలన్న నియమాన్ని 2014 నుంచి రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. మోటారు లేని కయాక్‌లకూ మినహాయింపు లేదు. చివరగా, పడవ అడుగును పాత తువ్వాలుతో తుడవండి. తడి ప్లాస్టిక్ చేతిలోంచి జారుతుంది.

ట్రక్కును ఎక్కడ, ఎలా నిలపాలి

పడవను దింపే రేవు వాలు మీద ఎక్కించే ప్రయత్నం చేయకండి. అక్కడ ట్రక్కు వెనక భాగం నీటివైపు, అంటే పల్లానికి ఉంటుంది. మీరు టెయిల్‌గేట్ కన్నా ఇంకా కిందనుంచి ఎత్తవలసి వస్తుంది, కాలి కింద పాచి ఉంటుంది, వెనక నిలబడి ఎదురుచూసేవారి తొందర మీ మీద పడుతుంది. పడవను బండి మీద పార్కింగ్ స్థలానికి లాక్కు రండి.

సమతలమైన చోటు మంచిది. దానికన్నా మంచిది, ట్రక్కు ముక్కు కొద్దిగా పల్లానికి ఉండి, వెనక నేల కొద్దిగా మెరకగా ఉన్న చోటు. అప్పుడు పడవ నిలిచిన నేలకూ టెయిల్‌గేట్‌కూ మధ్య ఎత్తు తగ్గుతుంది, పడవ కూడా సహజంగా క్యాబిన్ వైపే జారుతుంది. ఆరు అంగుళాల తేడా కూడా చేతులకు తెలుస్తుంది. గేరును పార్కులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వాలు ఏమాత్రం ఉన్నా ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. ట్రక్కు వెనక కనీసం 20 అడుగుల ఖాళీ స్థలం ఉండాలి, ఎందుకంటే పడవను మొదట ట్రక్కుతో ఒకే వరుసలో, తిన్నగా నిలపాలి. వంకరగా మొదలుపెట్టిన పడవను సగం ఎక్కిన తరువాత సరిచేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ఎక్కించే పని

పడవను ఎటు తిప్పాలన్నది మొదటి నిర్ణయం. సాధారణంగా అణియం ముందుగా వెళుతుంది. అయితే మీ పడవకు అమరం వైపు మోటారు దిమ్మ, చుక్కాని సరంజామా వంటివి విప్పడానికి వీలులేకుండా బిగించి ఉంటే, అమరమే ముందుగా బెడ్‌లోకి పంపడం మేలు. బరువైన కొస క్యాబిన్ వైపు ఉన్నకొద్దీ ప్రయాణంలో పడవ నిలకడగా ఉంటుంది. సందేహం ఉంటే పడవను బండి మీద అటూ ఇటూ జరిపి, ఏ కొసా వాలకుండా ఎక్కడ నిలుస్తుందో చూసి, ఆ చోట రంగు టేపు అంటించండి. ఈ గుర్తు ఆ తరువాత ప్రతిసారీ పనికివస్తుంది. ఇక్కడ అణియం ముందు వెళుతోందనీ, బరువు రెండు వైపులా దాదాపు సమానమనీ అనుకుని చెబుతున్నాను.

బండిని పడవ నడుమ నుంచి జరిపి, అమరం చివర నుంచి సుమారు 4 అడుగుల దూరంలో బిగించండి. ఈ పద్ధతికి కీలకం ఇదే. బండి నడుమన ఉంటే అణియాన్ని తేలిగ్గా పైకి లేపవచ్చు కాని, అమరం నేలకు తగిలేసరికి అణియం రెండడుగుల ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. టెయిల్‌గేట్ దాదాపు మూడడుగుల ఎత్తున ఉంటుంది. బండి అమరానికి 4 అడుగుల దూరంలో ఉంటే అణియం ఆ ఎత్తును దాటి లేస్తుంది, పడవ బరువులో ఇంచుమించు 70 శాతం బండి మీదే ఉండిపోతుంది. 55 కిలోల పడవకు మీ చేతుల మీద పడేది 16 కిలోలు. బండి పట్టీని మామూలు కన్నా గట్టిగా బిగించండి, పడవ ఏటవాలుగా వంగినప్పుడు వెనక్కి జారకూడదు.

పడవను ట్రక్కుకు తిన్నగా తెచ్చి, అణియం అడ్డకడ్డీకి ఒక అడుగు దూరంలో ఉండగా ఆపండి. అణియం పక్కన నిలబడి, మోకాళ్లు వంచి, నడుము వంచకుండా పడవ అంచును పట్టుకుని లేవండి. అణియాన్ని పైకి లేపుతూనే రెండడుగులు ముందుకు నడిస్తే అది అడ్డకడ్డీ మీదికి చేరుతుంది. ఎక్స్‌టెండర్ లేనివారికి టెయిల్‌గేట్ అంచే అడ్డకడ్డీ. కొసన ఉండే రబ్బరు పిడిని లాగడానికి వాడండి, మొత్తం బరువును దాని మీద వేలాడదీయకండి. ఆ మరలు ప్లాస్టిక్‌లోంచి ఊడివచ్చేవే. ఇప్పుడు చేతులు వదిలి చూడండి. పడవ ఒకవైపు అడ్డకడ్డీ మీద, మరోవైపు బండి మీద నిలబడి ఉండాలి. అణియం తాడును తీసుకెళ్లి బెడ్ లోపల ముందు కొక్కేనికి వదులుగా కట్టండి. పడవ అనుకోకుండా వెనక్కి కదిలినా ఆ తాడు ఆపుతుంది.

తరువాత అమరం దగ్గరికి వెళ్లి, బండి చక్రాల మీద పడవను ముందుకు నెట్టండి. తివాచీ మీద అణియం జారుతూ లోపలికి పోతుంది. పడవ ఏటవాలుగా వంగేసరికి భయపడకండి. సుమారు ఒకటిన్నర, రెండడుగుల అణియం అడ్డకడ్డీని దాటేసరికి అమరం నేలకు తగులుతుంది. అక్కడ ఆపి, అమరం కింద రబ్బరు చాప వేసి, బండి పట్టీ విప్పి బండిని పక్కకు లాగేయండి. పడవ మళ్లీ రెండు ఆనుల మీద ఉంది, మీ చేతులు ఖాళీ.

మొత్తం పనిలో బరువైన ఎత్తు ఇప్పుడే. అమరాన్ని నేల మీద నుంచి లేపడానికి దాదాపు 23 కిలోలు, అంటే నియాష్ హద్దుకు ఇంచుమించు సమానం. గొంతుకు కూర్చుని, రెండు చేతులా అంచును దగ్గరగా పట్టుకుని, కాళ్ల బలంతో లేవండి. లేచేటప్పుడు నడుమును పక్కకు తిప్పకండి. లేచిన వెంటనే నెట్టాలన్న ఆత్రం వద్దు. పక్కనే సిద్ధంగా ఉంచుకున్న గుర్రపుబల్లను కాలితో లాగి అమరాన్ని దాని మీద పెట్టండి. ఇక్కడ ఎంతసేపు ఆగినా ఫరవాలేదు. మంచినీళ్లు తాగండి, పడవ వరుస తప్పిందేమో వెనకనుంచి చూడండి, తప్పితే అమరాన్ని బల్ల మీదనే కొద్దికొద్దిగా పక్కకు జరపండి.

ఇక మిగిలినదంతా నెట్టుడే, అది క్షణక్షణానికి తేలికవుతుంది. పడవ పొడవులో నాలుగో వంతు అడ్డకడ్డీని దాటేసరికి మీ చేతుల మీద ఉండేది మొత్తం బరువులో మూడో వంతు, అంటే 18 కిలోలు. మూడో వంతు పొడవు దాటేసరికి నాలుగో వంతు బరువు, సుమారు 14 కిలోలు. రెండు మూడు విడతలుగా, విడతకు రెండడుగుల చొప్పున నెట్టుతూ, మధ్యలో గుర్రపుబల్లను ముందుకు జరుపుకుంటూ రండి. రంగు టేపు గుర్తు అడ్డకడ్డీకి దగ్గరవుతున్నప్పుడు మాత్రం జాగ్రత్త. ఆ గుర్తు దాటిన మరుక్షణం అమరం మీ చేతుల్లోంచి పైకి లేవాలని చూస్తుంది, అణియం బెడ్‌లోకి వాలాలని చూస్తుంది. అప్పుడు అమరాన్ని మోయనక్కర్లేదు, కిందికి నొక్కి పట్టుకోవాలి. అణియం మెల్లగా బెడ్ నేలను తాకిన తరువాత, క్యాబిన్ గోడకు రెండంగుళాలు మిగిలే దాకా నెట్టి ఆపండి. గోడకు పూర్తిగా ఆనిస్తే సడన్ బ్రేకు వేసినప్పుడు గోడ సొట్టపడుతుంది. మధ్యలో మడిచిన తివాచీ ముక్క పెడితే ఇంకా మంచిది.

నడుము నొప్పి ఉన్నవారు, 23 కిలోలు కూడా ఎత్తకూడదని వైద్యులు చెప్పినవారు బెడ్ ముందు కొక్కేనికి చిన్న చేతి విన్చి (పిడి తిప్పితే తాడును చుట్టుకుంటూ లాగే యంత్రం) బిగించి, అణియం తాడును దానికి తగిలించి లాగవచ్చు. నెమ్మదిగా సాగినా పని జరుగుతుంది. ర్యాచెట్ పట్టీని, అంటే మీట ఆడించి పళ్ల చక్రంతో బిగించే పట్టీని, విన్చిగా వాడకండి, అది లాగడానికి కాదు, బిగించడానికి చేసినది. 65, 70 కిలోలకు మించిన పడవను వారంవారం తీసుకెళ్లేవారు మాత్రం ట్రక్కు బెడ్‌ను వదిలి చిన్న ట్రైలర్ కొనుక్కోవడం గురించి ఆలోచించాలి. దాని ఎత్తు మోకాలి దాకానే ఉంటుంది.

కట్టడం

కదిలే ట్రక్కులో పడవ వెనక్కి జారిపోవడమే అసలు ప్రమాదం. సిగ్నల్ దగ్గర ట్రక్కు ముందుకు దూకిన ప్రతిసారీ పడవ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. అడ్డంగా బిగించిన పట్టీలు దీన్ని పూర్తిగా ఆపలేవు, నున్నటి ప్లాస్టిక్ వాటి కిందనుంచి జారుతుంది. అందుకే మొదటి కట్టు అణియాన్ని బెడ్ ముందు కొక్కేలు రెండింటికీ కలిపే తాడు. దాన్ని బిగువుగా కట్టాకే తక్కినవి. రెండో కట్టు పట్టీతో, బెడ్ లోపల పడవకు అడ్డంగా, మూడోది అడ్డకడ్డీ మీద పడవను కడ్డీకి కలిపి, నాలుగోది అమరాన్ని కిందికి, హిచ్ దగ్గరి గొలుసు రంధ్రానికి.

పట్టీలలో వేలితో నొక్కి లాగి బిగించే క్యామ్ బకిల్ రకమే ఈ పనికి సరిపోతుంది. ర్యాచెట్‌కు శక్తి ఎక్కువ, మనకు అంత అక్కరలేదు. ఈ పడవలు పాలిథిలీన్‌తో పోతపోసినవి. టెక్సస్ ఎండలో పార్కింగ్ స్థలంలో నిలిచిన పడవ మెత్తబడుతుంది, అలాంటప్పుడు ర్యాచెట్‌ను చివరిదాకా తిప్పితే పొట్ట లోపలికి సొట్టపడుతుంది. చిన్న సొట్టలు పట్టీ విప్పి ఎండలో ఉంచితే తమంతట తామే పొంగుతాయి, పెద్దవి మిగిలిపోతాయి. చేత్తో పట్టీని గట్టిగా ఊపితే పడవతో పాటు ట్రక్కు కూడా కదిలితే బిగువు చాలు. గాలికి తగిలే పట్టీని ఒక మెలి తిప్పి కట్టండి; లేకపోతే హైవే మీద అది చేసే రొద భరించలేరు.

టెక్సస్‌లో ట్రక్కు బాడీకి వెనక 4 అడుగులు, ఆపైన పొడుచుకు వచ్చే సరుకు చివర పగలు ఎర్ర జెండాలు, చీకటి పడితే ఎర్ర దీపాలు ఉండాలి. 5.5 అడుగుల బెడ్‌లో మన పడవ టెయిల్‌గేట్ అంచు దాటి కూడా ఆరడుగులకు పైగా వెనక్కి ఉంటుంది కాబట్టి ఇది తప్పదు. తక్కిన రాష్ట్రాలలో కొలతలు వేరుగా ఉండవచ్చు, మీ రాష్ట్ర నియమం చూసుకోండి. ఒక్కో జెండా 18 అంగుళాల చదరం ఉంటే వెనకవారికి దూరం నుంచే కనిపిస్తుంది. తెల్లవారకముందే బయలుదేరేవారు బ్యాటరీతో వెలిగే ఎర్ర దీపాలను అమరానికి తగిలించడం మరవకండి. ట్రక్కు వెనక దీపాలకూ నంబరు ప్లేటుకూ పడవ గాని ఎక్స్‌టెండర్ గాని అడ్డు రాకూడదు.

మరో సంగతి. చాలా ట్రక్కులలో వెనక కెమెరా టెయిల్‌గేట్‌లోనే ఉంటుంది. అది దించి ఉన్నప్పుడు తెర మీద మీకు కనిపించేది నేల మాత్రమే. పార్కింగ్ సెన్సర్లు ఎక్స్‌టెండర్‌ను చూసి అరుస్తూనే ఉంటాయి. వెనక మరో ఆరడుగుల పడవ ఉందన్నది మీరే గుర్తుంచుకోవాలి, ముఖ్యంగా పెట్రోలు బంకు దగ్గర మలుపు తిప్పేటప్పుడు, ఇంటి గ్యారేజీ తలుపు మీట నొక్కేటప్పుడు. బయలుదేరిన ఐదారు మైళ్లకు ఒకచోట ఆగి పట్టీలన్నీ మరోసారి లాగి చూడండి. పడవ సర్దుకున్న తరువాత కనీసం ఒకటైనా వదులవుతుంది.

దింపడం

దింపడం అంటే ఎక్కించిన దానినే వెనకనుంచి చేయడమే, అయితే ఇక్కడ బరువు మీ వైపు వస్తుంది. అన్ని పట్టీలూ విప్పండి, అణియం తాడును మాత్రం విప్పకండి. ఆ తాడును బెడ్ ముందు కొక్కేనికి ఒక చుట్టు చుట్టి, రెండో కొసను పట్టుకుని అమరం దగ్గరికి రండి. పొడవు చాలకపోతే మరో తాడు కలపండి. ఒక చేత్తో అమరాన్ని లాగుతూ, మరో చేత్తో తాడును కొద్దికొద్దిగా వదలండి. ఆ ఒక్క చుట్టు రాపిడే బ్రేకులా పనిచేస్తుంది. అమరం చేతుల మీద బరువుగా తెలియడం మొదలయ్యేసరికి గుర్రపుబల్ల దాని కింద ఉండాలి. అణియం ఇంకా రెండడుగులు అడ్డకడ్డీకి అవతలే ఉండగా ఆపి, తాడును గట్టిగా కట్టి, అమరాన్ని బల్ల మీద నుంచి నేల మీది రబ్బరు చాపకు దింపండి. బండిని పక్కనుంచి పడవ కిందికి దూర్చి, అమరానికి 4 అడుగుల దగ్గర బిగించండి. తరువాత తాడు విప్పి, బండి మీద పడవను వెనక్కి లాగితే అణియం అడ్డకడ్డీ దాకా జారివస్తుంది. అక్కడ దాన్ని రెండు చేతులా పట్టుకుని నేలకు దింపండి. పడవ నేల మీదికి వచ్చాక బండిని మళ్లీ నడుమకు జరిపి, అప్పుడే సీటు, బ్యాటరీ, తక్కిన సామాను పడవలో పెట్టండి. నీటిలోకి నెట్టేముందు అమరం దగ్గరి మర బిరడా బిగించారో లేదో వేలితో తడిమి చూడండి.